తిరిగొచ్చిన పళ్ళెం

ఆసుపత్రి వంటగదికి ఒంటిగంటన్నర దాటాక పళ్ళాలు తిరిగొస్తాయి. పోయేటప్పుడు అన్నీ కవల పిల్లల్లా ఒక్కలాగే పోతాయి. రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడికిన గుడ్డు, కాస్త కూర, చిటికెడు ఉప్పు, ఒక అరటిపండు, గ్లాసుడు పాలు, ఒక కాగితం రుమాలు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఏదీ ఇంకోదానిలా ఉండదు. వాటిని బండి మీంచి దించి, మిగిలింది డబ్బాలోకి గీకేసి, వేడినీళ్ళ తొట్టిలో వేసి తోమడం పిట్ట పని. పిట్ట అసలు పేరు కాదు. ఆమె తినే తిండి చూసి మొగుడు పెట్టిన ముద్దుపేరు, ఎవరూ పిలవకుండానే వెంటపడి ఉద్యోగంలోకి కూడా వచ్చి చేరింది. జీతం పళ్ళాలు తోమడానికే ఇస్తారు. ఆ తొట్టి దగ్గర ఇంకో పని కూడా జరుగుతుంది గానీ, దానికి జీతం లేదు, ఏ కాగితంలోనూ దాని ఊసు లేదు. అది పళ్ళాలను చదవడం.

నేర్పింది పెద్దక్క. ఆవిడ పిట్టకి తోడబుట్టినది కాదు, ముప్ఫై ఏళ్ళుగా ఆ తొట్టి దగ్గరే నిలబడి అక్కడ అందరికీ పెద్దక్క అయిపోయిన మనిషి. రొట్టెలో మెత్తటి భాగం తిని అంచులు వదిలేస్తే పంటినొప్పి. పళ్ళెంలో ఒక పక్క ఖాళీ అయి, రెండో పక్క అలాగే ఉంటే ఆ పక్క చూపు ఆనట్లేదు. గుడ్డూ పండూ మాయమై రొట్టె మాత్రం మిగిలితే, చూడటానికొచ్చిన పిల్లల చేతుల్లో పెట్టేసి తల్లి ఎండు రొట్టెతో సరిపెట్టుకుంది. పిట్ట చేరిన కొత్తల్లో పెద్దక్క ఒక పళ్ళెం ఎత్తి, 'ఈయన రాత్రంతా ఏడ్చాడే, ఉప్పు అసలు ముట్టుకోలేదు చూడు, కన్నీళ్ళ ఉప్పే చాలింది' అంటే, పిట్ట నవ్వింది. సాయంత్రానికి తెలిసింది, ఆయన భార్య పై అంతస్తులో ముందురోజే పోయిందట. మనుషులు నోటితో దాచినదంతా పళ్ళెం ఇలా బయటపెడుతుందా అని పిట్ట నోరు తెరుచుకుని ఉండిపోయింది.

చదివిన దాన్ని ఊరికే వదిలెయ్యరు. ఏ పళ్ళెమైనా తేడాగా కనిపిస్తే దాని అంచుకి అంటించి ఉన్న వార్డు, పడక నంబరు చూసి, వాటితో పాటు ఒక్క వాక్యం చీటీ మీద రాసి మేకుకి గుచ్చుతారు. నాలుగింటికి హెడ్ నర్సు స్వయంగా దిగొచ్చి ఆ చీటీలు తీసుకుపోతుంది. పెద్ద డాక్టరు మాటకైనా ఎదురు చెప్పే ఆ మనిషి, ఈ చీటీలకి మాత్రం ఏనాడూ ఎదురు చెప్పలేదు. ఏడాది తిరిగేసరికి పిట్ట చదువు పెద్దక్కని మించిపోయింది. ముఖ్యంగా ఒక రకం పళ్ళెం ఆమె కంటబడితే దాటిపోయేది కాదు. తిన్నట్టు కనిపించేలా సర్దిన పళ్ళెం. దాన్ని పెద్దక్క రెండుసార్లు చూస్తే గానీ పట్టుకోలేదు, పిట్ట బండి మీద ఉండగానే పట్టేస్తుంది. 'నీకెలా తెలుస్తుందే' అని పెద్దక్క అడిగితే, 'ఏమో అక్కా, తెలిసిపోతుంది' అనేది. నిజంగానే ఆమెకి తెలియదు మరి. ఊరందరి పళ్ళాలూ చదివిన మనిషి తన పళ్ళెం మాత్రం ఎప్పుడూ పక్కకి చూస్తూనే గీకేది.

ఇప్పుడు పిట్టకి ఆరో నెల. చిన్న గిన్నె బోర్లించినట్టు ముందుకి ఒక బొజ్జ, అంతే. 'వెనకనుంచి చూస్తే కడుపుతో ఉన్నట్టే లేవే పిట్టా' అన్నాడు మొగుడు ఒక ఉదయం చొక్కా గుండీలు పెట్టుకుంటూ. బస్సు నడుపుతాడు. చెయ్యి చేసుకునే రకం కాదు, కేకలేసే రకం కాదు, మెచ్చుకోలుగానే అన్నాడు. ఆ మాటని ఆమె వారం రోజులు నోట్లో పెట్టుకుని చప్పరించింది. అత్తగారు ఇంకో అడుగు ముందు. 'వీణ్ణి మోసినన్నాళ్ళూ నా పాత బట్టలే సరిపోయాయి నాకు. ఈ కాలం వాళ్ళు నీళ్ళోసుకోవడమే ఆలస్యం, గుమ్మం పట్టరు.' ఆ మాట అన్నది పక్కింటి ఆవిడని చూసే. కూతురా నీకు చెబుతున్నాను, కోడలా నువ్వు విను అన్న చందం. కోడలు వింది. మర్నాటి నుంచి తన పళ్ళెంలో ఇంకొంచెం తగ్గించింది.

ఇది కడుపుతో మొదలైన సంగతి కాదు. పదమూడో ఏట బడి బట్టలు కుట్టించడానికి మేనత్త వెంట వెళితే, దర్జీ కొలత తీసి 'ఈ పిల్లకి గుడ్డ బాగానే పడుతుందమ్మా' అన్నాడు. మేనత్త ఇంటికొచ్చి ఆ మాట అందరికీ చెప్పింది, అందరూ నవ్వారు, తనూ నవ్వింది. ఆ రాత్రి నుంచి ఏ ముద్ద మింగినా లోపల ఎవరో 'ఎందుకు తిన్నావు' అని నిలదీసేవారు. పెళ్ళయ్యాక ఆ గొంతుకి మంచి ఆసరా దొరికింది. తెల్లారి లేచి ముగ్గురికి వండాలి, అత్తగారికి వేడిగా పెట్టాలి, మొగుడికి డబ్బా కట్టాలి, మళ్ళీ సాయంత్రం అదే. అందరికీ వడ్డించి చివర్న కూర్చునే ఆడదాని పళ్ళెంలో ఏముందో ఏ ఇంట్లో ఎవరు చూస్తారు? చూడకపోగా, 'మా కోడలికి తిండి ధ్యాసే లేదు, ఎంత ఓపికో' అని నలుగురిలో చెప్పుకుంటారు. జబ్బుకి ఓర్పు అని పేరు పెడితే ఇంక మందు ఎవరిస్తారు? వేవిళ్ళు మూడో నెలలోనే పోయాయి. ఆ సాకు మాత్రం ఆరో నెల దాకా ఆమెకి అక్కరకొస్తూనే ఉంది.

పోయిన వారం స్కానింగు తీశారు. చల్లటి జిగురు కడుపు మీద రాసి, డాక్టరమ్మ తెర ఇటు తిప్పింది. మొదట మబ్బులాంటి బూడిదరంగు, అంతే. తర్వాత ఆ మబ్బులోంచి ఒక తెల్లటి వరస బయటపడింది. 'ఇదిగో, వెన్ను' అంది డాక్టరమ్మ. సన్నసన్నటి పూసలు, ఒకదాని పక్కన ఒకటి, ఎవరో కూర్చుని ఓపిగ్గా గుచ్చినట్టు. పిట్ట ఆ పూసలు లెక్కపెట్టబోయింది. తను వంటింట్లో నిలబడి రొట్టె ముక్కని పక్కకి నెట్టేసిన రోజున కూడా ఈ పని ఆగలేదన్నమాట. తను బస్సులో నిలబడి నిద్రపోయినప్పుడు, పళ్ళాలు తోమినప్పుడు, మొగుడి మెప్పుకి మురిసినప్పుడు, లోపల ఒకరు తలవంచుకుని తమ వెన్ను తాము కట్టుకుంటున్నారు. తను సరుకు పంపలేదే, మరి ఇదంతా ఎక్కడిది?

అదే అడిగింది, ఇంకోలా. 'నేను సరిగ్గా తినకపోయినా పెరుగుతుందా అండీ?' డాక్టరమ్మ తెర మీంచి కళ్ళు తిప్పలేదు. 'నువ్వు ఇవ్వకపోతే నీ ఎముకల్లోంచి, నీ కండలోంచి తీసుకుంటుందమ్మా. అక్కడా చాలకపోతే తనే చిన్నగా ఉండిపోతుంది. ఇప్పటికే నెలకి తగ్గ ఎదుగుదల లేదు. రెండు వారాల్లో మళ్ళీ చూస్తాను, ఇలాగే ఉంటే ఇక్కడే చేర్చుకోవాలి, బిడ్డకి ప్రమాదం. తింటున్నావా?' పిట్ట నోరు తెరిచేలోపే మొగుడు అందుకున్నాడు. 'దానిది మొదట్నుంచీ పిట్ట తిండేనండీ' అని నవ్వాడు. పిట్ట కూడా నవ్వింది. పదమూడో ఏట నవ్విన నవ్వే అది. ఇంటికెళ్ళి పెద్ద పళ్ళెం పెట్టుకుని కూర్చుంది, తినాలనే కూర్చుంది. ముద్ద నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. బిడ్డ కోసం ఒక్క ముద్ద మింగలేని తల్లి కూడా ఉంటుందా అని తనని తానే తిట్టుకుని, ఆ ముద్దని మళ్ళీ పళ్ళెం అంచున పెట్టింది.

ఈ మంగళవారం మధ్యాహ్నం పనివాళ్ళ భోజనాల వేళకి సూపర్‌వైజరు కబురు పెట్టాడు, ప్రసవం సెలవు కాగితం మీద సంతకం కావాలని. పనివాళ్ళకీ వార్డుల్లోకి పోయే పళ్ళెమే పెడతారు. పిట్ట తింటున్న పళ్ళెం బల్ల మీద వదిలేసి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి వార్డుల బండ్లు వచ్చేశాయి, ఆ హడావిడిలో పళ్ళెం సంగతే మర్చిపోయింది. సగం పని అయ్యాక పెద్దక్క ఒక పళ్ళెం తెచ్చి ఆమె ముందు పెట్టింది.

'దీని మీద నంబరు చీటీ ఊడిపోయింది. నాకు అంతుబట్టట్లేదు. నువ్వు చదువు.'

వాళ్ళిద్దరికీ అది అలవాటైన ఆటే. పిట్ట చేతులు తుడుచుకుని వంగి చూసింది. చూడగానే ముఖం సీరియస్ అయింది. 'ఆడమనిషి అక్కా. కాన్పుల వార్డే అయ్యుంటుంది.'

'ఎలా చెప్పావు?'

'పాలగ్లాసు చూడు. అంచు తడిసింది, పాలు తగ్గలేదు. ఎవరో పక్కనుండి తాగు తాగు అన్నారు, పెదవి ఆన్చి దించేసింది. రొట్టె చూడు, గోరంత గోరంత తుంపింది. తుంపితే తిన్నట్టు కనిపిస్తుందని. కూరని పళ్ళెమంతా పూసింది, గుడ్డుని రుమాలు కింద పెట్టింది. ఆకలి లేనిది కాదిది. ఆకలి లేనివాళ్ళు పళ్ళెం తోసేస్తారు, ఇంత కష్టపడరు. దీనికి ఆకలి బాగా ఉంది, తినాలంటేనే భయం.' పిట్ట గొంతులో జాలి వచ్చింది, కొంచెం కోపం కూడా వచ్చింది. 'కడుపుతో ఉన్న మనిషి ఇలా చేస్తే లోపలి ప్రాణం ఏం కావాలక్కా? చుట్టూ ఒక్కళ్ళకీ కళ్ళు లేవా? బహుశా మెచ్చుకుంటూ ఉండుంటారు, నువ్వు ఒళ్ళు చెయ్యలేదని. ఎవరైనా గట్టిగా అడిగితే ఇది వేవిళ్ళని...'

మాట అక్కడ ఆగింది.

రుమాలు నాలుగు మడతలు పెట్టి ఉంది. మూల లోపలికి దోపి ఉంది. ఆ దోపడం ఎవరి చేతిదో ఆమె చేతికి తెలిసింది. పెద్దక్క కొళాయి కట్టేసింది.

'ఎన్నాళ్ళ నుంచి తెలుసక్కా నీకు?'

'అనుమానం చాలా రోజులది. ఎప్పుడూ నువ్వే గీకేసేదానివి, నాకు దొరకనిచ్చావా? ఇవాళ దొరికింది.'

'చెప్పొచ్చుగా.'

'చెబితే నవ్వేసి ఊరుకుంటావు. నీ నవ్వు నాకు తెలీదా?' పెద్దక్క నానిపోయిన చేతిని పిట్ట భుజం మీద వేసింది. 'నా మాట నమ్మవు. నీ చదువు నువ్వు నమ్ముతావని.'

సిగ్గుతో చచ్చిపోవాలి నిజానికి. పిట్ట అదే వస్తుందని ఎదురుచూసింది. సిగ్గు రాలేదు. వచ్చింది అబ్బురం. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పని, తనకి తనే చెప్పుకోని సంగతి అంతా, ఇంత చిన్న పళ్ళెంలో, ఇంత వివరంగా రాసిపెట్టి ఉంది. చెయ్యి పాపం రోజూ రాస్తూనే ఉంది, చదవమని. ఇప్పుడు ఎదురుగా చూస్తుంటే ఆ పళ్ళెం మనిషి మీద ఆమెకి కోపం పోయింది, ఎంత కష్టపడిందో కదా అనిపించింది. కోప్పడాల్సిన మనిషి కాదు, చీటీ రాయాల్సిన మనిషి. సరిగ్గా అప్పుడే లోపల కదిలింది. ఇదివరకటి నీటి బుడగలాంటి కదలిక కాదు. మోకాలో మోచెయ్యో, లోపలి నుంచి ఒక్క పోటు. ఆ వెన్నుపూసల మనిషి మేలుకునే ఉంది. ఉన్నదాంతోనే తన్నింది. పిట్ట రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని, చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా అలాగే నిలబడింది.

తర్వాత చేతులు తుడుచుకుని చీటీ తీసుకుంది. వందల చీటీలు రాసిన చెయ్యే, అక్షరం వంకర పోలేదు. 'భయంతో తినడం లేదు. ఒక్కతే బాగుచేసుకోలేకపోతోంది. త్వరగా చూడండి.' పైన వార్డు, పడక నంబరు రాసే చోటు ఖాళీగా వదిలేసి మేకుకి గుచ్చింది. ఆ పళ్ళెం మాత్రం గీకలేదు, తోమలేదు. బల్ల మీద అందరికీ కనపడేలా పెట్టింది.

నాలుగింటికి హెడ్ నర్సు వచ్చింది. మేకు మీంచి చీటీలు లాగి, కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటే చదివింది. చివరి దాని దగ్గర ఆగింది.

'ఇది ముందు చూడాల్సింది. పడక నంబరు రాయలేదేం?'

పెద్దక్క పిట్ట వైపు చూసింది. ఎప్పుడూ వచ్చే నవ్వు పిట్ట పెదాల దాకా వచ్చింది. ఆమె దాన్ని రానివ్వలేదు. బల్ల మీది పళ్ళెం రెండు చేతులతో ఎత్తి హెడ్ నర్సుకి అందించింది.

'పడక లేదు నర్సమ్మగారూ. ఈ పళ్ళెం నాది.'