నోరు విప్పని కాయ

విచ్చుకున్న ఆకీ కాయలు గిన్నెలోకి, విచ్చనివి చెత్తబుట్టలోకి వేస్తోంది ఐసిల్డా. చెట్టు మీద దానంతటది నోరు తెరవని కాయ విషమని కింగ్‌స్టన్‌లో చంటిపిల్లలకు కూడా తెలుసు. నల్ల గింజ తీసి, ఎర్రటి పొర గిల్లి, పసుప్పచ్చటి గుజ్జు ఉప్పుచేపలో కలుపుతుంటే, వాచిన వేళ్ళు వాటంతటవే ఆడుతున్నాయి.

ఎదురు కొట్టులో రేడియో మళ్ళీ ఆ పాటే ఎత్తుకుంది. "కొట్టినా నోరు విప్పని ఆకీ, నువ్వు విషానివి..."

"మిస్ ఐసీ, ఈ పాట కట్టిన ఎఫ్రాయిమ్ నీ హోటలుకి ఊరికే ప్రచారం చేసిపెడుతున్నాడు. వాడికి లండన్‌కి ఓ ప్లేటు పంపరాదూ," అన్నాడు వరుసలో ఉన్న బస్సు డ్రైవర్. అందరూ నవ్వారు.

"తింటే తిను, లేకపోతే నడు," అంది ఐసిల్డా.

జనానికది చిందులేసే పాట. ఆమెకి పుండు మీద కారం. ఏళ్ళ కిందట, రేవులో సమ్మె నడిపినవాళ్ళ పేర్లు చెప్పమని ఆమె కొడుకు లిన్వాల్‌ని పోలీసులు పట్టుకుపోయి, కొట్టి, శవాన్ని పంపారు. మర్నాడే పక్క సందులో ఇద్దరిని పట్టుకున్నారు. ఇంకేం, లిన్వాలే చెప్పేశాడన్నారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. లోకులు పలుగాకులని ఊరికే అన్నారా! అదే గదిలో దెబ్బలు తిన్న ఎఫ్రాయిమ్ విడుదల కాగానే లండన్ పారిపోయి, అక్కణ్ణుంచి ఈ పాట పంపాడు. నోరు విప్పలేదనడం వెటకారమని, చెత్తలో పారేసే విషపు కాయతో తన బిడ్డని పోల్చాడని ఆమె కడుపు రగిలిపోయింది. ఉత్తరం రాయించి అడుగుదామంటే భయం. నిజంగానే చెప్పాడంటాడేమోనని.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక, నెరిసిన జడలాయన ఒకడు బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. ఓ ప్లేటు పెట్టమన్న గొంతు వినగానే పోల్చుకుంది. ఎఫ్రాయిమ్.

ఐసిల్డా గరిటె కింద పెట్టలేదు. "నా కొడుకుని విషమన్నావు కదరా. ఏ మొహం పెట్టుకుని నా చేతి కూడు అడుగుతావు?"

అతను తెల్లబోయాడు. "నీకు అర్థమయ్యే ఉంటుందనుకున్నాను మమ్మా. ఆకీ సంగతి నీకన్నా ఎవరికి తెలుసు? విచ్చని కాయని బలవంతంగా విప్పి తినబోయేవాడే కదా చచ్చేది. విషమన్నది వాడి నోరు విప్పించబోయిన పోలీసులకి, మనకి కాదు. పేరు పెట్టి పాడితే రేడియోలో వేస్తారా? ఇక్కడున్న మా అమ్మని బతకనిచ్చేవాళ్ళా?"

"అయితే వాడు..."

"పళ్ళు రాలాయి గాని ఒక్క పేరు రాలలేదు. పక్క సందు వాళ్ళని పట్టించింది రేవు మేస్త్రీ."

ఐసిల్డా పొయ్యి వైపు తిరిగి భోరున ఏడ్చింది. కొడుకుని పాతిపెట్టిన రోజున కూడా సిగ్గుతో అణుచుకున్న ఏడుపు అది. తరవాత మొహం తుడుచుకుని ప్లేటు నింపింది.

"కూర్చో. చల్లారిపోతుంది."

ఆ సాయంత్రం ఉతికే తొట్టి దగ్గర ఆమె చాలాసేపు ఉంది. ఆ పాటే కూనిరాగం తీస్తోందని ఇరుగుపొరుగు వింతగా చెప్పుకున్నారు.

మర్నాడు హోటలు తెరవలేదు. డ్రైవర్ తలుపు తోసి చూస్తే మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. ఊపిరి లేదు; నిద్రలోనే పోయింది.

ఆమెని మోసుకొస్తున్న ఇరుగుపొరుగు వాకిట్లో బట్టల తీగ కింద తలలు వంచాల్సి వచ్చింది. ఇన్నేళ్ళూ పెట్టె అడుగున దాచిన లిన్వాల్ నీలం చొక్కా అందరికీ కనబడేలా దాని మీద ఆరేసి ఉంది. ఎండకి బిగిసిన ఆ గుడ్డ మీద, ఎంత ఉతికినా పోని పాత మడతల గీతలు అలాగే ఉన్నాయి.