కాలరు మడతలో పచ్చ పురుగు

ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజుకునేలోపు కాలర్లన్నీ వెతకడం ఆమెకు అలవాటు. కంపు పురుగులు వేసవంతా చిక్కుడాకుల అడుగున కాపురం ఉండి, చలి మొదలవగానే బట్టల మడతల్లోకి మకాం మారుస్తాయి. గోరంత ఉంటాయి, అచ్చం ఆకు రంగు. ఎవరి బట్టలో దూరితే, ఆ మనిషితో చుట్టరికాన్ని సాయంత్రానికల్లా ఇంట్లోవాళ్ళు మర్చిపోతారు. కిందటి చలికాలం పోస్టుమాస్టారు ఇంటికెళ్తే, భార్య గుమ్మంలోనే ఆపి "ఉత్తరాలేమైనా వచ్చాయా మాస్టారూ?" అని అడిగింది. ఇప్పుడాయన స్టేషను పక్కన అద్దె గదిలో ఉంటున్నాడు. చలికాలం కదా, ఏం చేస్తాం అనుకున్నారందరూ.

వీధి మొత్తానికి ఆమె ఇస్త్రీ ఆవిడ. భర్త "ఇదిగో" అంటాడు. అమ్మా అని పిలిచేది పదకొండేళ్ళ కూతురొక్కతే. ఆ పిలుపూ వీధి చివరిదాకా వినపడుతుంది.

ఆ మధ్యాహ్నం కూతురి స్కూలు చొక్కా కాలరు ఎత్తితే, కుట్టు పక్కన కూర్చుని ఉంది పురుగు. ఆమె చెయ్యి దాని మీదికి పోయింది.

"ముట్టుకోకు," అన్నాడు పక్క కొట్టు దర్జీ. "నలిపావంటే ఆ కంపు నీకంటుకుంటుంది. అప్పుడు మర్చిపోయేది నిన్నే."

"చొక్కా తగలబెడితే?"

"పోస్టుమాస్టారి కోటు తగలబెట్టారుగా. ఏం లాభం?"

"అయితే నా పిల్లని పట్టుకుని, ఎవరి పిల్లవమ్మా నువ్వు అని నేనడగాలా?"

దర్జీ సూదిలోకి దారం ఎక్కించే పనిలో పడ్డాడు.

ఆలోచిస్తే చెయ్యి రాదని ఆమెకు తెలుసు. రెండు వేళ్ళతో పట్టి నలిపేసింది. కుళ్ళిన కొత్తిమీర వాసన గుప్పుమంది. సబ్బుతో కడిగింది, బూడిదతో తోమింది, నిప్పుల సెగకు పట్టింది. చివరికి వేళ్ళు దర్జీ ముక్కు దగ్గర పెట్టింది.

"పోయిందా?"

"పోయింది," అన్నాడతను ఊపిరి బిగబట్టి.

చొక్కా మాత్రం ఎన్నడూ లేనంత శ్రద్ధగా ఇస్త్రీ చేసింది. ముందు కాలరు, తర్వాత చేతులు, వీపు. సాయంత్రం మడత నలక్కుండా రెండు చేతుల మీదా పెట్టుకుని ఇంటికి నడిచింది. దారి పొడుగునా భయమేస్తూనే ఉంది.

తలుపు కూతురే తీసింది. ఆమె మొహంలోకి చూసింది, చొక్కా చూసింది. పిల్ల మొహం విప్పారింది. ఆమె ప్రాణం లేచొచ్చింది.

కూతురు చొక్కా అందుకుని, లోపలికి తిరిగి, వీధి చివరిదాకా వినపడేలా కేకేసింది.

"నాన్నా, ఇస్త్రీ ఆవిడొచ్చింది!"