తవుడిచ్చి కొన్న కొడుకు

తవుడు ఇంకో చేటెడు పోసి ఉండాల్సిందేమో, ఇంటిపక్క భీమవ్వ ఆనాడే అంది, గింత తక్కువకు అమ్ముతనా హన్మవ్వా అని, నవ్వులాటకే అంది, ముందు పుట్టిన ముగ్గురూ పురిటి మంచం దిగకముందే మట్టిలో కలిస్తే నాలుగోవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, భీమవ్వ ఎత్తుకుంటే, చేటెడు తవుడు పోసి తన బిడ్డను తనే కొనుక్కుంది, వీడు హన్మవ్వ కన్నవాడు కాదనుకుని చావు పక్కింటికి పోవాలని, పోనీ పక్కింటికీ వద్దు, ఊరు దాటి పోవాలని, అందుకే పెంటయ్య అని పేరు, ఆ పెంటయ్య ఇప్పుడు నిజామాబాదు దవాఖాన వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు, చెవికి చుట్టిన గుడ్డ మీద ఈగలు, కొంగుతో ఎంత తోలినా పోవు, పాడు ఈగలు, కోటగిరి నుంచి బండి వెంటే వచ్చినట్టున్నాయి.

ఆ చెవి అంచున పుట్టుకతోనే ఆవగింజంత మచ్చ, ఉండనీ, సొట్ట చెంబును దొంగ ముట్టడు అనుకుంటూ జీడిగింజ కాల్చి, ఆ రసంతో మచ్చను ఇంకా నల్లగా దిద్దింది తనే, పెళ్ళయి పిల్లల తండ్రి అయ్యేదాకా అది కదల్లేదు, కాలువ నీళ్ళొచ్చి ఊరంతా చెరుకు పెట్టాక, బోధన్ ఫ్యాక్టరీకి బండ్లు కట్టే రోజుల్లో చింతగింజంత అయింది, అవ్వా, చెవి దురద పెడుతున్నదే అన్నాడు, చెరుకాకు కోసుకున్నదిరా అని పసుపు అద్దింది, నెత్తురు ఆగింది, మళ్ళీ కారింది, నిరుడు ఇక్కడికే తీసుకొస్తే ఈ డాక్టరే చెవి కోయాలన్నాడు, కాళ్ళ మీద పడింది తనే, వద్దు సాబ్, గా మచ్చే వాన్ని కాస్తున్నది, అది తీస్తే మనిషి దక్కడు, పెంటయ్య తనవైపు చూసి, నువ్వెట్లంటే గట్లనే అవ్వా అన్నాడు, ఎందుకన్నావురా, ఒక్కసారి, ఆ ఒక్కసారన్నా తల్లి మాట తీసేస్తే ఏం పోయేది.

ఇందాక డాక్టరు మెడ కింద వేళ్ళతో నొక్కి చూసి ఉర్దూలో ఏదో అన్నాడు, కంపౌండరు దశరథం తల వంచుకుని చెప్పాడు, సర్తాన్ అంటున్నడు అవ్వా, మనోళ్ళు రాచపుండు అంటరు గదా గదే, మచ్చల నుంచి లేసింది, మెడల గడ్డలకు దిగింది, ఇగ చెవి కోసినా ఫాయిదా లేదట, ఇంటికి తోల్కపో, కోయుండ్రి సాబ్, అప్పుడు వద్దన్నది నేనే, ఇప్పుడు కోయుమంటున్నది నేనే, రెండు చెవులూ కోయుండ్రి, నావి కోయుండ్రి, డాక్టరు సబ్బుతో చేతులు కడుక్కుంటూ మొహం తిప్పుకున్నాడు, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, ఆకులు కూడా దొరకలేదు తనకు.

నువ్వు ఈయనకేమైతవ్ అవ్వా అని దశరథం అడిగితే, నాలుక అలవాటుగా, కొనుక్కున్న అయ్యా, అనబోయింది, హన్మవ్వ కొడుకు మంచిగ ఎదిగిండని ఎవరన్నా, థూ, వాడు నా కొడుకెక్కడోడు, తవుడుకు కొన్నోడు, అనేది, పెళ్ళిపీటల దగ్గరా అదే మాట, చిన్నప్పుడోసారి వాడు ఏడ్చుకుంటూ వచ్చి, నన్ను నువ్వు కనలేదా అవ్వా అని కొంగు పట్టుకుంటే, గొంతుదాకా వచ్చిన మాటను మింగి, పో, బర్రెలు కొట్టుకరాపో అని కసిరింది, చావు వింటుందని, గడప దగ్గరే నిలబడి ఉంటుందని, తీరా చూస్తే ఇన్నేళ్ళ అబద్ధాన్ని చావు ఒక్కనాడూ నమ్మలేదు, సరిగ్గా దారి చూసుకునే వచ్చింది, నమ్మితే ఆ పసివాడే నమ్మి ఉంటాడు, ఇంకెవరి నుంచి దాచాలి, ఏం మిగిలిందని, హన్మవ్వ లేచింది, గుడ్డ కట్టిన చెవి పక్క నుంచి చుట్టూ తిరిగి మంచి చెవి పక్కకు వచ్చి కూర్చుంది, వరండాలో వాళ్ళంతా తిరిగి చూసేంత గట్టిగా అంది, నువ్వు నా కొడుకువురా పెంటయ్యా, నేనే కన్న.