కొట్టేసిన పదకొండు అంకెలు

పాత నోటుపుస్తకం తెరవగానే మాస్టారికి తడి ఒండ్రు వాసన తగిలినట్టయింది. ముప్ఫయ్యేళ్ల నాటి కాగితంలో అంత వాసన మిగలదని ఆయనకు తెలుసు. అయినా ముక్కు మాట వినలేదు.

ఒకప్పటి శిష్యురాలు, ఇప్పుడు ఆయన పనిచేసిన ప్రయోగశాలకే అధిపతి, ఆయన ఎదుట రెండు కాగితాలు పరిచింది. ఫ్యాక్టరీ రాకముందు నది సముద్రంలో కలిసేచోట బురదలో ఏ లోహం ఎంత ఉండేదో మాస్టారు అచ్చువేయించిన పట్టిక ఒకటి. ఈ ఏడాది ఆమె తేల్చిన లెక్క రెండోది.

“కాడ్మియం నాలుగింతలైంది మాస్టారూ. రాగి, జింకు మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే. ఫ్యాక్టరీ మురుగైతే మూడూ కలిసి పెరగాలి. ఎల్లుండే విచారణ. ఫ్యాక్టరీ లాయరు మీ పట్టికే ఊపుతూ, ఈ బురద పుట్టుకే ఇంత అంటాడు. ఆల్చిప్పలు ఏరుకుని బతికేవాళ్ల నోట్లో మట్టి పడుతుంది.”

“అంటే నా పట్టిక తప్పంటావా?”

“అనలేకే కదా ఇంతదూరం వచ్చాను!”

మాస్టారు గతుక్కుమన్నారు. ఆయనకు పేరు తెచ్చింది ఆ ఒక్క పట్టికే. పోటు తగ్గేవేళ మోకాలిలోతు బురదలో తాను, పడవ అంచున పెన్సిలుతో చీటీలు రాస్తూ కొత్త పెళ్లికూతురు. ఎంత నవ్వేదో!

ఆ పెళ్లికూతురే ఇప్పుడు టీ కప్పులతో వచ్చింది. “పెళ్లైన కొత్తలో అందరూ షికారుకి తీసుకెళ్తారమ్మా. మీ మాస్టారు బురదకి తీసుకెళ్లారు. చివరిరోజు జల్లెడ చిరిగితే నా నీలం స్కార్ఫు బలిచ్చారు కూడా.”

“ఏం జల్లెడ ఆంటీ?”

“ఇత్తడిది. రోజూ ఇసకతో తోమించేవారు, తళతళలాడాలని!”

శిష్యురాలు కప్పు కింద పెట్టింది. ఇత్తడి అంటే రాగీ జింకే. తోమినకొద్దీ కొత్త లోహం బయటపడి బురదలో కలిసిందన్నమాట.

మాస్టారు గబగబా చివరి పేజీ తిప్పారు. స్కార్ఫుతో వడకట్టిన పదకొండు నమూనాలు. రాగి, జింకు సగానికి సగం. అన్నింటినీ ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన తన చేత్తోనే రాసుకున్నారు: ‘ఇంటిగుడ్డ. నమ్మదగదు.’

ఎవరు చెప్పారని కాదు, ఎలా కొలిచారని అడగమంటూ జీవితమంతా పిల్లలకు నూరిపోసిన మనిషి, ప్రయోగశాల ముద్ర ఉన్న జల్లెడను మాత్రం ఏమీ అడగలేదు.

“ఇవి చాలు మాస్టారూ! రాగి, జింకు కూడా రెండింతలైనట్టే.”

“చాలవు. పదకొండు అంకెలు చూసి ఎగిరి గంతేయకు. జల్లెడ అటకమీద ఉంది, చిరుగు ఒక పక్కనే. ఒకే బురదను సగం దాంట్లో, సగం మీ నైలాన్ జల్లెడలో వడకట్టు. తర్వాత నన్ను తిట్టు.”

మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది. ఇత్తడి దాటిన సగంలోనే రెండు లోహాలూ ఎగబాకాయట.

మాస్టారు విచారణకు ఉత్తరం రాయడానికి కూర్చున్నారు. ‘నా పట్టికలో రాగి, జింకు అంకెలు తప్పు. ఆ తప్పు నాది. గుడ్డతో వడకట్టి, నేను కొట్టేసిన పదకొండే నిజానికి దగ్గర.’

భార్య భుజంమీదుగా తొంగిచూసింది. “గుడ్డ అని ఊరుకున్నారేం? నీలం స్కార్ఫని రాయండి.”

“రంగుతో శాస్త్రానికి పనిలేదు.”

అన్నారే గాని, ‘గుడ్డ’ కొట్టేసి, పైన ‘నీలం నైలాన్ స్కార్ఫు’ అని గుండ్రంగా రాశారు.