మోకాళ్ల మీది వాదన

ఒగ్బొమోషో ఊరి బడుల వక్తృత్వ పోటీలో ఈసారీ ఓడిపోతే వాదన క్లాసు ఎత్తేసి, ఆ పీరియడు బ్యాండు మేళానికి ఇచ్చేస్తానని హెడ్మిస్ట్రెస్ తేల్చి చెప్పేసింది. ఆ క్లాసు చెప్పే అడెగోకె మాస్టారి గుండెల్లో రాయి పడింది. బ్యాండు పిల్లల బాకాలకు ఆయన ఇప్పటికే సగం చెవిటివాడయ్యాడు.

అందుకే ఈసారి పిల్లల చేత దండాలు బట్టీ పట్టించాడు.

"ముందు సభాధ్యక్షులు, తర్వాత న్యాయనిర్ణేతలు, ఆ తర్వాత గంట కొట్టేవాడు. ఒక్కరిని మర్చిపోయారా, మార్కులు గల్లంతే!"

"మరి వాదన ఎప్పుడు సార్?" అంది పదిహేనేళ్ల మోరెనికె.

"టైం మిగిలితే."

పోటీలో విషయం, పెద్దల ముందు పిల్లలు నోరు మూసుకోవాలా అని. అక్కర్లేదనే పక్షం మోరెనికెది. దండాలన్నీ ముగించి అసలు మాటకు వచ్చిందో లేదో, బయట డప్పులు మోగాయి. ముఖ్య అతిథి చీఫ్ ఒగుందెలె పెద్దమనిషి కాబట్టి ఆలస్యంగానే వచ్చాడు. సభ లేచి నిలబడింది. పెద్దలకు ఆడపిల్లలు మోకరిల్లి దండం పెట్టే ఆనవాయితీ ప్రకారం మోరెనికె మైకు పట్టుకునే మోకాళ్ల మీద కూర్చుంది. పెద్దాయన లెమ్మనేదాకా లేవకూడదు.

ఆయనేమో ఆ మాటే మర్చిపోయాడు. కుర్చీలో సర్దుకుని, ఫోనులో ఎవరితోనో మేకల బేరం మొదలుపెట్టాడు. అవతల పిల్ల టైం కరిగిపోతోంది. మాస్టారు చెమటలు తుడుచుకుంటూ, కదలొద్దని ఆమెకు సైగ చేశాడు. మోరెనికె ఆ సైగ చూసి ముఖం తిప్పుకుంది.

"బాబా, దండం," అంది మైకులో. "మీరు లెమ్మనలేదు, నేను లేవలేదు. నా టైం మాత్రం అయిపోతోంది."

హెడ్మిస్ట్రెస్ మాస్టారి వంక నమిలేసేలా చూసింది. చీఫ్ ఫోను దించాడు.

"ఎవరి పిల్లవే నువ్వు?"

"మీ పిల్లనే అనుకోండి బాబా. లేవమంటారా?"

"అయ్యో, లే తల్లీ! నిన్నెవరు ఉండమన్నారు?"

హాలు గొల్లుమంది. మోరెనికె లేచి, గౌను దులుపుకుని న్యాయనిర్ణేతల వైపు తిరిగింది.

"నోరు మూసుకునుంటే ఇంకా మోకాళ్ల మీదే ఉండేదాన్ని. నా వాదన ఇంతే."

గంట మోగింది. కప్పు వాళ్లకే వచ్చింది.

వరండాలో హెడ్మిస్ట్రెస్ మాస్టారిని పట్టుకుంది. "అదంతా మీరు నేర్పిందేనా?"

అవునంటే కప్పు ఘనత ఆయనదే. కానీ అది అబద్ధం.

"లేదండీ. నేను కదలొద్దని సైగ చేశాను."

"నేనూ అదే సైగ చేశాను," అంది ఆవిడ గొంతు తగ్గించి. "క్లాసు ఉంచుకోండి మాస్టారూ. ఆ దండాల పాఠమొక్కటి కాస్త తగ్గించండి."