ముప్ఫైకి నలుగురు తక్కువ

ఆదివారం పొద్దున గిన్నెలు తోముతుంటే హెడ్మాస్టరు ఫోన్ చేశారు.

“అమ్మా, మన బడిలో ఇరవై ఆరుగురే తేలారు. నెలాఖరుకి ముప్ఫై లేకపోతే మూసేస్తారట. మీరోసారి ఇల్లిల్లూ తిరిగి రండి. ఆడవాళ్ళయితే వంటింటిదాకా వెళ్ళి మాట్లాడగలరు.”

ఆయనకి మోకాళ్ళ నొప్పులట. ఆ మోకాళ్ళు రోజూ సాయంత్రం షటిల్ ఆడటం నేను చూస్తూనే ఉన్నాను.

“మూసేయనీ,” అన్నాడు మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా. “నిన్ను ఈ ఊళ్ళోకే వేస్తారు. నాలుగింటికల్లా ఇంట్లో ఉంటావు.”

నాలుగింటికి ఇంట్లో ఉండటమంటే ఏమిటో నాకు తెలుసు. మామగారి మందులు, మరిది చొక్కాల ఇస్త్రీ, ఈయనగారికి వేడివేడిగా పలహారం. తొమ్మిదేళ్ళుగా రెండు బస్సులు మారి ఆ పల్లెకి వెళ్తున్నాను. నిజం చెప్పొద్దూ, నాది అని చెప్పుకోగలిగినవి లోకంలో రెండే: ఆ బస్సులో కిటికీ పక్క సీటు, ఆ బడిలో నల్లబల్ల. చేతులు తుడుచుకుని బయల్దేరాను.

పల్లె చివర కోళ్ళఫారం వెనక రేకుల షెడ్లున్నాయి. పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు. మగపిల్లలు నడిచి మా బడికే వస్తున్నారు. వాళ్ళ అక్కలు మాత్రం ఏ రిజిస్టర్లోనూ లేరు; చంకలో చంటివాళ్ళతో గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. నాలుగు గుమ్మాలు, నలుగురు అక్కలు.

“దీన్ని బడికి పంపితే చంటోణ్ణెవరు చూస్తారు టీచరమ్మా? నేను గుడ్లు ఏరద్దా?” అంది ఒక తల్లి.

“వాణ్ణీ పంపు.”

“వాడికి పళ్ళే రాలేదు!”

“పాఠానికి పళ్ళెందుకే?”

ఆమె పకపకా నవ్వింది. మర్నాడు నలుగురూ వచ్చారు, నాలుగు చంకల బరువుతో. పాత చీరలతో మూలన రెండు ఉయ్యాలలు కట్టాను.

“ఇది బడా, పురిటిగదా?” అని హెడ్మాస్టరు తల పట్టుకున్నారు. పదిరోజుల తర్వాత ఎక్కాలు చెబుతూ ఉయ్యాల ఊపుతున్నది ఆయనే.

తనిఖీకి వచ్చినావిడ తలలు లెక్కపెట్టి, “మరి వీళ్ళు ఏ తరగతి?” అంది ఉయ్యాలలు చూసి.

“వీళ్ళు వినడానికొచ్చారండీ,” అంది కొత్తగా చేరిన పిల్ల, పలక దించకుండా.

ఆవిడ నవ్వు ఆపుకుంటూ ముప్ఫై అని రాసి సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మా ఆయన నా పేరిట బదిలీ దరఖాస్తు నింపి ఉంచాడు. “బడి ఉంటే ఉంది. నువ్వు మాత్రం వచ్చెయ్. ఇక్కడ సంతకం పెట్టు.”

కారణం అన్నచోట గుండ్రటి అక్షరాలతో ‘కుటుంబ బాధ్యతలు’ అని రాశాడు. చదివి నవ్వాను. పెన్ను తీసి నా పేరు కొట్టేసి, పైన ఆయన పేరు రాసి చేతికిచ్చాను.

“ఇవి మీకూ ఉన్నాయి కదండీ,” అన్నాను. “మీ ఆఫీసులో ఇచ్చి చూడండి.”