రెండో రోజు బూట్లు

చెల్లెలు ఎక్కడికి బయలుదేరినా సంచి సర్దేది అక్కే. సర్దడం అయిపోయాక ఏదో మరిచిపోయానని మొత్తం మంచం మీద కుమ్మరించి, మళ్ళీ మొదటినుంచీ సర్దేది కూడా అక్కే. ఆ శుక్రవారం పొద్దున అప్పటికే రెండుసార్లు కుమ్మరించింది.

"వాజలీను పెట్టావా అక్కా?"

"రెండు డబ్బాలు పెట్టాను."

"రెండెందుకు? నేను వెళ్ళేది పరుగుకి, కుస్తీకి కాదు."

చెల్లెలు బ్రెడ్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేస్తుంది. షిఫ్టంతా నిలబడి చేసే పని. ఆ కాళ్ళకి అది చాలదన్నట్టు నలభయ్యో ఏట ఈ పరుగుల పిచ్చి పట్టుకుంది. ఈసారి మరీ విడ్డూరం. శనివారం నలభై రెండు కిలోమీటర్లు, ఆదివారం మళ్ళీ నలభై రెండు. ఎందుకే అంటే, "మొదటిరోజు ఎవరైనా పరుగెత్తుతారక్కా, రెండోరోజు లేచి నిలబడటమే అసలు పరుగు" అంటుంది.

ఆ మాట అక్క చెవికెక్కేది కాదు. కిందటి ఏడు ఒక్క మారథాన్ పరుగెత్తితేనే చెల్లెల్ని టెంటులో పడుకోబెట్టి సెలైన్ ఎక్కించారు. పెదవులు తెల్లగా పాలిపోయి, పిలిస్తే పలక్కుండా ఉన్న ఆ మొహం ఆవిడ కళ్ళముందునుంచి పోలేదు. తల్లి పోయాక ఎత్తుకుని పెంచిన పిల్ల. ఒకదానికే అలా అయితే, రెండోది పరుగెత్తితే పిల్ల ఇంటికి రాదని ఆవిడ మనసుకి రూఢి అయిపోయింది.

"ఇదిగో, ఈ బూట్లు రేపటికి," అని చెల్లెలు రెండు జతలు ముందు పెట్టింది. "ఇవి ఎల్లుండికి. ఒక సైజు పెద్దవి. మొదటిరోజు అయ్యేసరికి కాళ్ళు వాస్తాయి, మామూలు జత ఎక్కదు. ఇవైతే నెలల తరబడి తొడిగి మెత్తబరిచాను. జాగ్రత్త, ఇవి లేకపోతే నా ఆదివారం లేనట్టే."

చెప్పి, స్నానానికి వెళ్ళింది.

అక్క కాసేపు ఆ పెద్ద జత వంక చూస్తూ కూర్చుంది. లేచి, వాటిని తను జాకెట్లు కుట్టే మిషను వెనక, గుడ్డల మూట కిందకి తోసింది. బీరువా మీద అట్టపెట్టెలో చెల్లెలు ఎప్పుడో కొనుక్కున్న కొత్త జత ఉంది. మామూలు సైజు. అదే రంగు. దాన్ని తీసి సంచి అడుగున పెట్టి, పైన తువ్వాలు పరిచింది.

అక్క మొగుడు డ్రైవింగ్ నేర్పుతాడు. ప్రయాణం ఆయన కారులోనే. నేర్పేవాళ్ళ బండి కాబట్టి ముందు సీట్లు రెండింటికీ బ్రేకులుంటాయి. ఊరు దాటకముందే అక్క నాలుగుసార్లు తనవైపు బ్రేకు తొక్కింది.

"ఏమే, ఆ కుక్క రోడ్డుకి అవతల ఉంది."

"ఇవతలకి వస్తే?"

"వస్తే అప్పుడు తొక్కుదువుగాని. ఇలా అయితే మీ చెల్లెలు పరుగెత్తుకుంటూ మనకంటే ముందు చేరుతుంది." ఆయన బండి పక్కకి ఆపి, భార్యని వెనక సీట్లోకి పంపాడు. చెల్లెలు నవ్వి నవ్వి ముందుకొచ్చి కూర్చుంది.

శనివారం పరుగు బాగానే సాగింది. చెల్లెలు ముగింపు గీత దాటి, పడిపోకుండా, నీళ్ళు తాగి, "చూశావా?" అన్నట్టు అక్క వంక చూసింది. అక్క సంతోషించలేదు. ఇక ఆదివారం ఆగదని తెలిసింది.

లాడ్జి గదిలో చెల్లెలు బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. పాదాలు పొంగిన పిండిలా ఉన్నాయి. రేపటికి అన్నీ తీసి పెట్టుకుందామని సంచి దగ్గరకి లాక్కుంది. తువ్వాలు తీసింది. బూట్లు తీసింది. అటూ ఇటూ తిప్పింది. కాలు పెట్టి చూస్తే సగం దగ్గరే ఆగిపోయింది.

"అక్కా, ఇవి కొత్తవి."

అక్క కిటికీ తెర సర్దుతోంది.

"అక్కా!" చెల్లెలి గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. "ఏడాది కష్టపడ్డానే."

అక్క వరండాలోకి వెళ్ళింది. వెనకే మొగుడు వచ్చాడు.

"నువ్వేనా?"

"నేనే. పొరపాటున కాదు, కావాలనే."

ఆయన పిట్టగోడ మీద చేతులు ఆనించాడు. తిడతాడనుకుంది. "నీ భయం బంగారంగానూ," అన్నాడు. "దాని కాళ్ళు కట్టేస్తే నీ గుండె నిలుస్తుందా? రేపు ఏడుస్తూ కూర్చుంటే దాన్ని చూడగలవా?"

"చూడలేను."

"మరి? ఎక్కడ దాచావో చెప్పు."

చెప్పింది. ఆయన గదిలోకి వెళ్ళి, "ఒసేయ్ మరదలా, నీ బూట్లు మార్చిన దొంగని నేనే. పాతవి కంపు కొడుతున్నాయని తీసేశాను" అన్నాడు.

"బావా! మీకు బుద్ధుందా?"

"లేదనేగా మీ అక్క రోజూ మొత్తుకునేది. వెళ్ళి తెస్తాను, రాత్రికి ఇంట్లోనే పడుకుని తెల్లవారుజామున బయలుదేరతాను. నువ్వు కాళ్ళు పైకి పెట్టి పడుకో."

"మెల్లగా వెళ్ళండి," అంది అక్క మెట్లదాకా వచ్చి.

"నువ్వు లేవుగా, బ్రేకులు వెయ్యక్కర్లేదు. తొందరగానే వెళ్తాను."

ఆయన వెళ్ళాక చూస్తే, ఫోను గదిలోనే ఛార్జింగుకి వేలాడుతోంది.

తెల్లవారింది. అందరూ పరుగు మొదలయ్యే గీత దగ్గరకి చేరుతున్నారు. బావ రాలేదు. ఇంకా నిద్రలేచి ఉండడని చెల్లెలు విసుక్కుంది. మైకులో పిలుస్తున్నారు. అక్క రోడ్డు వంక చూసి చూసి, చేతిసంచిలోంచి కుట్లు విప్పే బ్లేడు తీసింది.

"ఇలా ఇయ్యి."

కొత్త బూటు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ దగ్గర పైభాగాన్ని జాకెట్టు మెడ కోసినట్టు గుండ్రంగా కోసింది. రెండోదీ కోసింది. మడమ దగ్గర గట్టి అంచు చీల్చి, లోపల గుడ్డ మడిచి పెట్టింది. చెల్లెలి పాదం లోపలికి దిగింది. వేళ్ళు బయటకి వచ్చాయి.

"ఈ ఉపాయం నిన్నే తట్టి ఉంటే బావకి ఈ తిప్పలు తప్పేవి కదక్కా," అని చెల్లెలు అక్క బుగ్గ పుణికి, జనంలో కలిసి పరుగెత్తింది.

మధ్యాహ్నం ఎండలో చెల్లెలు కుంటుకుంటూ, నవ్వుకుంటూ మలుపు తిరుగుతుండగా ఇంటి పక్కావిడ అక్కకి ఫోను చేసింది. కారు నంబరు పట్టుకుని పోలీసులు ఇంటికి వచ్చారని చెప్పింది. దారిలో లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీని కారు గుద్దుకుందట. ఇల్లు చేరనే లేదట.

చెల్లెలు రెండు రోజులూ పరుగెత్తి, క్షేమంగా తిరిగి వచ్చింది. శనివారం సాయంత్రం బయలుదేరిన బావ తిరిగి రాలేదు.